ఇనప్పెట్టె ఏ మూల పెట్టాలి?

మా నాన్న నాకు ఇచ్చినవాటిలో నేను అన్నిటికన్నా విలువైనదిగా చూసుకున్నది ఒక రాగి బిళ్ల. 1808లో ఈస్టిండియా కంపెనీవాళ్లు మద్రాసు ప్రెసిడెన్సీ కోసం ఇంగ్లండులో కొట్టించిన ఇరవై కాసుల నాణెం. ఒక వైపు సింహాలు పట్టుకున్న కంపెనీ ముద్ర, రెండో వైపు పారసీ అక్షరాలు. బజార్లో దానికి పెద్ద ధరేమీ రాదు. కానీ మా నాన్నకి వాళ్ల తాత ఇచ్చినది. రెండు వందల ఏళ్లు ఎన్ని చేతులు మారిందో, ఎన్ని మొలల్లో తిరిగిందో, బాగానే ఉంది. నా దగ్గర రెండు వానాకాలాల్లో పాడైపోయింది. దొంగలు ముట్టుకోలేదు, నిప్పంటుకోలేదు. నేను డబ్బు పోసి కొన్న ఇనప్పెట్టెలోనే పాడైంది.

ఆ సంగతి ఇక్కడ ఎందుకు రాస్తున్నానంటే, అందులో తప్పు నాది. అది మూఢనమ్మకం ఉన్నవాళ్లు చేసే తప్పు కాదు, హేతువాదులమని చెప్పుకునే మనలాంటివాళ్లు చేసే తప్పు.

నేను బి.కాం. చదివి డిఫెన్స్ అకౌంట్స్‌లో చేరి, ముప్ఫై ఏళ్ల పైన ఇతరుల బిల్లులు తనిఖీ చేసి 2019లో రిటైరయ్యాను. ఉద్యోగం రెండు విడతలుగా పోర్ట్‌బ్లెయిర్‌లో పడింది. 2024లో ఊరి పేరు శ్రీ విజయపురం అయింది కానీ నా నోటికి ఇంకా పాత పేరే వస్తుంది. నా భార్యది ఇక్కడి తెలుగు కుటుంబం. వాళ్ల తాతలు శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు. రిటైరయ్యాక మామగారు కట్టిన ఇంట్లోనే, జంగ్లీఘాట్ పైన గుట్ట మీద స్థిరపడ్డాం.

నాణేలు సుమారు నాలుగు వందలు ఉంటాయి. విక్టోరియా రూపాయిలు, చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయిలు, దమ్మిడీలు, కానులు, బేడలు. ఒక వైపు గోపురం, ఇంకో వైపు విష్ణువు చుట్టూ తెలుగు, తమిళ అక్షరాలు ఉన్న మద్రాసు పావు పగోడా ఒకటి. ఇన్నేళ్లూ ఇవన్నీ బీరువాలో రేకు డబ్బాల్లో ఉండేవి. ఇనప్పెట్టె కొనాలన్న ఆలోచన నాకు రాలేదు. దాన్ని తెప్పించింది రైస్ పుల్లర్.

ఈ రైస్ పుల్లర్ మోసం మన ఆంధ్ర, తెలంగాణ పాఠకులకి కొత్త కాదు. పిడుగు పడిన పాత రాగి నాణెమో చెంబో బియ్యపు గింజల్ని తనవైపు లాక్కుంటుందట. దాన్ని అమెరికా అంతరిక్ష సంస్థ కోట్లు పెట్టి కొంటుందట. బియ్యానికి ఇనుప రజను పట్టించి, కింద అయస్కాంతం దాచి చూపిస్తారు. పరీక్ష ఖర్చులని, కెమికల్ ఖర్చులని లక్షలు గుంజుతారు. అలాగే 1818 అని తేదీ వేసి, రాముడు సీత బొమ్మలతో కంపెనీ నాణేలని అమ్మేవి కూడా ఉన్నాయి. కంపెనీ అలాంటి నాణేలు చలామణీకి ఎప్పుడూ విడుదల చేయలేదు. అవి గుళ్ల దగ్గర అమ్మే బిళ్లలు.

నేను రిటైరైన కొత్తలో తెలిసినవాళ్ల ద్వారా ఇద్దరు మనుషులు ఇంటికి వచ్చారు.

"సార్, మీ దగ్గర పాత రాగి పీసు ఉందట. బియ్యం లాగుతుందేమో చూద్దామని."

నాకు సరదా వేసింది. నాన్న ఇచ్చిన ఇరవై కాసుల బిళ్ల బల్ల మీద పెట్టి, వంటింట్లోంచి గుప్పెడు బియ్యం తెప్పించాను. "లాగితే నాణెం మీకే ఇచ్చేస్తాను" అన్నాను. 1963లో కోవూర్ గారు అతీత శక్తులు చూపించినవాళ్లకి లక్ష రూపాయలిస్తానని సవాలు చేశారు. నా దగ్గర లక్ష లేదు, నాణెం ఉంది. అరగంట చూశాం. ఒక్క గింజ కదల్లేదు. అందులో పెద్దాయన "అమావాస్యకి పని చేస్తుందేమో సార్" అన్నాడు. అమావాస్యకి కూడా రమ్మన్నాను. రాలేదు.

నేను గెలిచానని సంబరపడుతుంటే మా ఆవిడ ఒక మాట అంది.

"ఏవండీ, అది బియ్యం లాగదని ఆ ఇద్దరికీ తెలిసింది. ఊళ్లో మిగతావాళ్లకి తెలియదు కదా?"

నాకు ఆ మాటకి జవాబు దొరకలేదు. నేను నమ్మకపోయినా, నమ్మేవాడు నా ఇంటి తలుపు పగలగొట్టగలడు. మూఢనమ్మకం అబద్ధమే, దాని వల్ల వచ్చే దొంగతనం మాత్రం నిజం. ఇనప్పెట్టె కొనాలని ఆ రోజే నిర్ణయించాం.

ముందు బ్యాంకు లాకరు గురించి ఆలోచించాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి చూసుకోలేను. అది సొంత సరదా. మరొకటి బాధ్యత విషయం. ఇప్పటి సంగతి చెప్పాలంటే, 2022 జనవరి నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం నిప్పు, దొంగతనం, భవనం కూలడం, సిబ్బంది మోసం వంటి వాటికి బ్యాంకు బాధ్యత లాకరు ఏడాది అద్దెకు నూరు రెట్లు. భూకంపం, వరద వంటి ప్రకృతి వైపరీత్యాలకి, బ్యాంకు తన జాగ్రత్తలు తీసుకుని ఉంటే, బాధ్యత లేదు. అండమాన్‌లో ఉండేవాడు ఈ రెండో వాక్యం రెండుసార్లు చదవాలి.

సరే, ఇనప్పెట్టె. దుకాణదారు మూడు చూపించాడు. నేను అన్నిటికన్నా బరువైనది, అన్నిటికన్నా ఖరీదైనది ఎంచుకున్నాను. దాని తలుపు మీద "రెండు గంటలు అగ్నిని తట్టుకుంటుంది" అని రాసి ఉంది. ఆ అక్షరాలు చూసి నా మనసు కుదుటపడింది. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎవరైనా బిల్లు మీద "ఉత్తమ నాణ్యత" అని రాస్తే, దేనికి ఉత్తమం, ఎవరు పరీక్షించారు, ఆ కాగితం ఏదీ అని అడిగేవాణ్ణి. ఇక్కడ ఒక్క ప్రశ్నా వేయలేదు.

అడగవలసిన మొదటి ప్రశ్న ఇది: నా నాణేలకి నిప్పుతో ఏం ప్రమాదం? కాగితం సుమారు 180 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర మాడడం మొదలెడుతుంది. అందుకే దస్తావేజుల కోసం అగ్నినిరోధక పెట్టెలు చేస్తారు. వెండి కరగాలంటే 962 డిగ్రీలు, రాగి కరగాలంటే 1,085 డిగ్రీలు కావాలి. ఇల్లు కాలితే నాణెం రంగు చెడుతుంది, పైన ఉన్న ప్లాస్టిక్కు కరిగి అంటుకుంటుంది, అది నష్టమే. కానీ నాణేలు కాగితాలు కావు.

రెండో ప్రశ్న: ఆ పెట్టె నిప్పుని ఎలా తట్టుకుంటుంది? ఇలాంటి పెట్టెల గోడల మధ్య సాధారణంగా జిప్సం లాంటిదో సిమెంటు లాంటిదో పోస్తారు. జిప్సం బరువులో సుమారు అయిదో వంతు నీరే. వేడి తగిలితే ఆ నీరు ఆవిరై వేడిని తీసుకుపోతుంది, లోపల కాగితం మాడదు. అంటే రక్షణ ఇచ్చేది గోడలో ఉన్న నీరు. కాగితాలకి మంచి ఏర్పాటే. కానీ గాలి ఆడకుండా బిగించిన తలుపు వెనక, అలాంటి గోడల మధ్య, రాగి నాణేలని ఏళ్ల తరబడి పెట్టవచ్చా? దుకాణదారు అబద్ధం చెప్పలేదు. తలుపు మీద రాసింది నిజమే అయి ఉంటుంది. అది నా అవసరానికి సంబంధించిన నిజం కాదు, అంతే.

పెట్టె ఇంటికి వచ్చిన రోజు మా బావమరిది వచ్చాడు. ఇక్కడే ఇళ్ల కాంట్రాక్టు పనులు చేస్తాడు, మంచి పనివాడు, వాస్తు మీద గట్టి నమ్మకం.

"బావగారూ, బరువు నైరుతిలో పెట్టాలి. తలుపు ఉత్తరానికి తెరుచుకోవాలి, కుబేరుడి దిక్కు. ఈశాన్యంలో మాత్రం గడ్డిపరక బరువు కూడా పెట్టకూడదు."

"పెడితే ఏమవుతుంది?"

"లక్ష్మి నిలవదు."

ఆ సాయంత్రం నలుగురు కూలీల చేత ఆ పెట్టెని మోయించి ఈశాన్యం మూల గదిలో పెట్టించాను. వాళ్లు వెళ్లాక మిత్రులకి ఫోన్ చేసి మరీ చెప్పాను. అందరం నవ్వుకున్నాం.

ఇప్పుడు ఆ మూల సంగతి వినండి. ఆ గోడకి అవతలే మా నీళ్ల ట్యాంకు. నీళ్లు ఈశాన్యంలో ఉండాలని మా మామగారు వాస్తు చూపించి మరీ అక్కడ కట్టించారు. నవంబరు, డిసెంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల జల్లు ఆ గోడకే కొడుతుంది. గోడకి ఏడాదికి రెండుసార్లు సున్నం రాలుతుంది. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ అక్కడ పెట్టాను. ఎందుకు? బావమరిది వద్దన్నాడు కాబట్టి.

పోనీ అతను చెప్పిన నైరుతి మూల మంచిదా అంటే అదీ కాదు. కేరళ కన్నా ముందే, మే నెలలోనే నైరుతి రుతుపవనాలు మా దీవుల్ని తాకుతాయి. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన. మా ఇంటి నైరుతి గోడ వానాకాలం అంతా తడిసే ఉంటుంది. వాస్తుకి మా గోడ గురించి తెలియదు. కానీ నాకు తెలుసు కదా!

2020 మార్చిలో హైదరాబాదులో మా అబ్బాయి దగ్గరికి వెళ్లాం. లాక్‌డౌన్ వచ్చి నెలల తరబడి అక్కడే ఉండిపోయాం. తిరిగి వచ్చాక కూడా పెట్టె తెరిచి పైపైన చూశానే గాని డబ్బాలు విప్పలేదు. 2021 చివర్లో మనవరాలు వచ్చింది. ఎనిమిదేళ్ల పిల్ల. "తాతయ్యా, ముత్తాతగారి కాసు చూపించు" అంది. డబ్బా తీశాను. ఇరవై కాసుల బిళ్ల మీద సింహాలు లేవు. లేత ఆకుపచ్చ పొడి పట్టి ఉంది. వేలితో ముట్టుకుంటే రాలింది, దాని కింద గుంటలు.

మామూలు చిలుము వేరు, ఇది వేరు. ఉప్పులోని క్లోరైడు రాగిలో చేరి, తేమ తగిలినప్పుడల్లా లోహాన్ని తింటూ పోతుంది. పురావస్తు శాఖలవాళ్లు దీన్ని కాంస్య వ్యాధి అంటారు. పైపైన తుడిస్తే పోదు. మా అమ్మ ఇత్తడి బిందెలు తోమినట్టు చింతపండుతో తోమితే ఉన్నదీ పోతుంది.

ఆ రాత్రి పెట్టెని తిట్టుకున్నాను, మూలని తిట్టుకున్నాను. తరువాత తనిఖీదారుడిలా మొదటి నుంచీ లెక్క చూశాను. అప్పుడు ఇంకో పద్దు బయటపడింది. 2004 డిసెంబరు 26, ఆదివారం ఉదయం ఆరున్నర కావస్తుండగా 9.1 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు మేము లోతట్టున ఒక అద్దె ఇంట్లో ఉన్నాం. బీరువా ముందుకు పడిపోయింది. ప్రాణాలు దక్కించుకుని గుట్ట మీదికి పరుగెత్తాం. సముద్రం ఇంట్లోకి వచ్చి వెళ్లింది. కార్ నికోబార్‌లో మా శాఖ లెక్కలు చూసే వైమానిక స్థావరమే తుడిచిపెట్టుకుపోయిన రోజున నాణేల గురించి ఎవరు ఆలోచిస్తారు? నాలుగు రోజుల తరువాత బురదలోంచి డబ్బాలు తీసి, మంచినీళ్లతో కడిగి, ఎండబెట్టి, పని అయిపోయిందనుకున్నాను. పోర్ట్‌బ్లెయిర్ పరిసరాల్లో నేల సుమారు మీటరు కుంగింది. సిప్పీఘాట్ పొలాల్లోకి వచ్చిన సముద్రం వెనక్కి పోలేదు. నా నాణెం లోపలికి పోయిన ఉప్పు కూడా పోలేదన్నమాట.

కాబట్టి ఈశాన్యం మూల ఒక్కటే కారణం అంటే అది కూడా అబద్ధమే. ఆ డబ్బాలో 2004 తరువాత కొన్న రాగి కానులు కూడా ఉన్నాయి. అవి నల్లబడ్డాయి గాని ఆకుపచ్చ పొడి రాలేదు. ఉప్పు పదిహేనేళ్లుగా లోపల ఉంది, పాత బీరువాలో ఓర్చుకుంది, నా కొత్త పెట్టెలోని తేమ దాన్ని లేపింది. నాకు తోచిన వివరణ ఇది. వేరే ఎవరైనా ఇంతకన్నా మంచి వివరణ ఇస్తే మార్చుకుంటాను.

అప్పుడు చేసిన పని మొదటే చేయవలసింది. ఒక్కొక్కటీ కొన్ని వందల రూపాయలకి దొరికే తేమ మీటర్లు అయిదు తెప్పించాను. ఇనప్పెట్టె ధరలో అది లెక్కలోకి రాదు. ముందు అయిదింటినీ ఒకే డబ్బాలో పెట్టి చూశాను. ఒకటి మిగతావాటికన్నా తొమ్మిది పాయింట్లు ఎక్కువ చూపింది, దాన్ని పక్కన పెట్టేశాను. మిగిలిన నాలుగింటినీ నాలుగు చోట్ల పెట్టి, 2022 మే నుంచి ఏడాది పాటు రోజూ ఉదయం సాయంత్రం పుస్తకంలో రాశాను. పెట్టె లోపల వానాకాలంలో 80కి తగ్గిన రోజు లేదు. వంటింట్లో ఉప్పు డబ్బా నీరు కారడం చూశారు కదా? ఉప్పు సుమారు 75 శాతం తేమ దాటితే గాలిలో నీటిని పీల్చుకుని కరుగుతుంది. నా ఇనప్పెట్టె ఆ ఉప్పు డబ్బా కన్నా తడిగా ఉంది. అన్నిటికన్నా పొడిగా ఉన్నది మధ్య పడకగదిలో లోపలి గోడ. దానికి బయటి గాలి, నీళ్ల గొట్టాలు, వాన ఏవీ తగలవు.

ఆ పాత పెట్టెలో ఇప్పుడు ఇంటి పత్రాలు, పెన్షన్ కాగితాలు పొడి గదిలో ఉన్నాయి. దాన్ని చేసినదే అందుకు. నాణేలకి వేరే పెట్టె కొన్నాను. మామూలు ఉక్కు రేకుది, మందం ఎక్కువ, గోడల్లో మసాలా లేదు. తాళంచెవితో తెరిచేదే తీసుకున్నాను. బటన్ల తాళానికి లోపల ఎలక్ట్రానిక్ పలక ఉంటుంది, ఉప్పుగాలికి అది పాడైతే బాగుచేసేవాడు చెన్నై నుంచి రావాలి. రెండో తాళంచెవి మా అబ్బాయి దగ్గర ఉంది. ముప్ఫై నలభై కిలోల పెట్టెని ఇద్దరు దొంగలు పెట్టెతో సహా మోసుకుపోగలరు, అందుకని బోల్టులతో గోడకి, కింద కాంక్రీటు దిమ్మకి బిగించాలి. 2004లో బీరువా పడడం చూసినవాడిని కాబట్టి ఇది దొంగ కోసమే కాదు, భూకంపం కోసం కూడా. దిమ్మ రెండడుగుల ఎత్తు.

పెట్టె దొంగని ఆపుతుంది, తేమని ఆపదు. తేమని ఆపేది లోపలి డబ్బా. రబ్బరు అంచుతో బిగుసుకునే వంటింటి డబ్బాలు, ఒక్కో దాంట్లో సిలికా జెల్ సంచి, ఒక చిన్న మీటరు. మెత్తటి పి.వి.సి. కవర్లు తీసేశాను, అవి ఏళ్లు గడిస్తే రాగిని తినే ఆమ్లం వదులుతాయి. మైలార్ కవర్లు వాడుతున్నాను. జెల్ రంగు మారితే ఓవెన్‌లో వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. ఇప్పుడు డబ్బాల్లో 35, 38 మధ్య ఉంటోంది. నాణేల జాబితా, రెండు వైపులా ఫోటోలు ఒక కాపీ హైదరాబాదులో ఉంది.

బిగువు విలువ ఏమిటో చెప్పే ఒక ఉదాహరణ ఉంది. మా నాన్న బిళ్ల లాంటివే, 1808 నాటి కాసులే, టన్నుల కొద్దీ పీపాల్లో వేసుకుని మద్రాసుకి బయలుదేరిన అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండ్ తీరంలో గుడ్విన్ ఇసుక దిబ్బల దగ్గర మునిగింది. 1980లలో వాటిని పైకి తీశారు. నూట డెబ్బై అయిదేళ్లు ఉప్పు సముద్రం అడుగున ఉన్నా, పీపాల్లో ఒత్తుగా ఉండిపోయిన కొన్ని నాణేలు కొత్తవాటిలా మెరిశాయి. వాటిని కాపాడింది ఉక్కు కాదు. నీరూ గాలీ తగలకపోవడం.

బోల్టులు బిగించడానికి బావమరిదినే పిలిచాను. పని చేస్తూ చేస్తూ ఆగి, చుట్టూ చూసి నవ్వడం మొదలెట్టాడు.

"బావగారూ, ఈ గదికి ఇది నైరుతి మూల. తలుపు ఉత్తరానికి తెరుచుకుంటోంది. చివరికి మీరూ దారికొచ్చారు!"

దిక్సూచి తెచ్చి చూశాను. నిజమే. ఏడాది పాటు అంకెలు రాశాను గాని దిక్కులు చూడలేదు. ఒప్పుకుంటున్నాను, ఒక్క క్షణం పెట్టెని అవతలి గోడకి మార్చేద్దామా అనిపించింది. మన సంఘం మిత్రులెవరైనా ఇంటికి వచ్చి చూస్తే ఏమనుకుంటారు? అప్పుడు ఈశాన్యం మూల గుర్తొచ్చింది. వాస్తు చెప్పిందని పెట్టేవాడికీ, వాస్తు వద్దందని పెట్టేవాడికీ మూల ఎంచి ఇస్తున్నది వాస్తే. మొదటిసారి నేను ధిక్కరిస్తున్నాననుకున్నాను గాని, నిర్ణయం నా చేతిలో లేదు.

"ఇది ఇంటికి నైరుతి కాదు కదయ్యా, గదికి నైరుతి. నువ్వు 2019లో ఇంటికి నైరుతి అన్నావు" అన్నాను.

"రెండిట్లో ఏదైనా పర్వాలేదు బావగారూ."

"సరే, ఒక మాట చెప్పు. ఏం జరిగితే నువ్వు ఈ పెట్టెని ఇక్కణ్ణుంచి తీసెయ్యమంటావు?"

ఆలోచించాడు. "ఎందుకు తియ్యాలి? సరైన చోటే ఉంది కదా" అన్నాడు.

డబ్బాలో మీటరు 50 దాటి వారం రోజులు కిందికి దిగకపోతే నేను తీసేస్తాను. తలుపు లోపల అంటించిన కాగితం మీద అలాగే రాసి, తేదీ వేసి సంతకం పెట్టాను. అతను చదివి, "మీరూ మీ లెక్కలూ" అని ఆఖరి బోల్టు బిగించాడు.

నాన్న ఇచ్చిన బిళ్ల కూడా అందులోనే, వేరే డబ్బాలో ఉంది. పొడిగా ఉంచాక కొత్త పొడి రాలడం లేదు. పోయిన సింహాలు తిరిగి రావు. మనవరాలికి ఇద్దామనుకున్న నాణెం అది. మొన్న సెలవులకి వచ్చినప్పుడు ఆ కాసు తనకే కావాలంది. పాడైపోయింది కదమ్మా అంటే, ఎలా పాడైందో చెప్పమంది. మొదటి నుంచీ చెప్పాను, ఈశాన్యం మూలతో సహా.